అట్ట వెనక చిన్న అక్షరాల్లో క్లారెన్స్ వైట్

నేను నాష్‌విల్ వచ్చింది 1980ల చివర్లో. ఒక అచ్చాఫీసులో, కంప్యూటర్ విభాగంలో ఉద్యోగం. ఊరంతా సంగీతమేనని అందరూ చెప్పేవారు గానీ, నాకు తెలిసిందల్లా ఆఫీసు రేడియోలో పొద్దస్తమానం మోగే కంట్రీ పాటలే. నా పక్క సీటు పెద్దాయనది తూర్పు కెంటకీ. వారమంతా ముక్తసరిగా మాట్లాడే మనిషి, శనివారం వచ్చిందంటే బాంజో పెట్టె కారులో పడేసుకుని ఎటో వెళ్ళిపోయేవారు.

ఓ రోజు భోజనాల వేళ ఆయన బాగా అరిగిన ఎల్‌పి రికార్డు ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. కెంటకీ కర్నల్స్ అనే బృందం 1964లో చేసిన ‘అపలాచియన్ స్వింగ్’. అందులో పాడేవాళ్ళు లేరు, అంతా వాద్యాలే. “బాంజో వినకు, గిటార్ విను” అన్నారు. బాంజో వాయించే మనిషి నోట ఆ మాట వచ్చిందంటే ఏదో ఉందనుకున్నాను.

ఆ రాత్రి పెట్టి విన్నాను. మొదటిసారి గిటార్ ఎక్కడుందో కూడా పట్టలేకపోయాను. బాంజో వానలా కురుస్తోంది, మాండలిన్ ఉరుకుతోంది, కింద బాస్ దడదడమంటోంది. రెండోసారి విన్నప్పుడు చెవికి చిక్కింది. అందరూ పరుగెడుతుంటే ఒక్కడు మాత్రం తీరుబాటుగా ఉన్నాడు. పడాల్సిన చోట దెబ్బ పడదు. అయ్యో తప్పిపోయాడు అనుకునేలోపు మూడు తీగల మీద గలగలమని నాలుగు స్వరాలు దొర్లించి, ఏమీ ఎరగనట్టు సరిగ్గా చోటుకి వచ్చి కూచుంటాడు. సూది ఎత్తి మళ్ళీ మొదటికి పెట్టాను. ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు.

తర్వాత అట్ట వెనక చూశాను. గిటార్: క్లారెన్స్ వైట్. ఆ పేరు ఎక్కడో తగిలినట్టుంది. పాత రికార్డులు అమ్మే కొట్లో చవగ్గా కొనుక్కున్నవి కొన్ని ఉండేవి నా దగ్గర. వాటిని కిందికి దించి తిరగేశాను. బర్డ్స్ అనే రాక్ బృందం వాళ్ళ ‘అన్‌టైటిల్డ్’లో ఉంది ఆ పేరు. సరే, అతను ఆ బృందం మనిషే. కానీ జో కాకర్ రెండో ఆల్బమ్‌లోనూ ఉంది. రాండీ న్యూమన్ ‘ట్వెల్వ్ సాంగ్స్’లో ఉంది. జాక్సన్ బ్రౌన్ మొదటి ఆల్బమ్‌లో ఉంది. ఎప్పుడో కొని, ఎన్నోసార్లు విని, పాడినవాళ్ళ పేర్లే గుర్తు పెట్టుకున్న రికార్డులు అవన్నీ. వాటి వెనకాల ఒకే చేయి పనిచేసిందని ఆ రాత్రి తెలిసింది. అప్పట్నుంచి రికార్డు చేతికి రాగానే ముందు వెనక్కి తిప్పి చూడటం నాకు అలవాటైపోయింది.

మర్నాడు పెద్దాయన్ని అడిగాను, ఇతనెక్కడుంటాడని. “పోయాడు. 1973లో. ఇరవై తొమ్మిదేళ్ళు” అన్నారు. ఆ వేళ ఇంకేమీ మాట్లాడలేదు ఆయన.

కెంటకీ కర్నల్స్ వాయించింది బ్లూగ్రాస్, కంట్రీ సంగీతంలో తీగ వాద్యాలతో వేగంగా సాగే ఒక శాఖ. అందులో గిటార్ స్థానం ఏమిటో తెలిస్తే గానీ ఇతను చేసిన పని గొప్పతనం తెలియదు. ఈ సంగీతానికి ఒక రూపం ఇచ్చింది బిల్ మన్రో. కెంటకీ మనిషి, మాండలిన్ వాయించేవాడు. 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్ళ బాంజోతో ఆయన బృందంలో చేరాక ఇప్పుడు మనం వినే ఊపు వచ్చింది. మాండలిన్, బాంజో, ఫిడేలు వంతులవారీగా ముందుకొచ్చి తమ పనితనం చూపించి వెనక్కి వెళతాయి. గిటార్‌కి అప్పట్లో ఆ వంతు లేదు. లయ పట్టి ఉంచడం, పాట చరణం అయిపోగానే కింది తీగల మీద చిన్న ముక్తాయింపు వెయ్యడం, అంతే దాని పని. మైకు ముందు తక్కిన వాద్యాల హోరులో గిటార్ ఒంటిగా నిలబడితే వినపడదు కూడా.

క్లారెన్స్ పుట్టింది 1944 జూన్ 7న, మెయిన్ రాష్ట్రం లూయిస్టన్‌లో. కెనడా నుంచి వలస వచ్చిన ఫ్రెంచివాళ్ళ కుటుంబం. కెంటకీ కర్నల్స్ ఇతనూ అన్నలూ కలిసి నడిపిన బృందం. పేరులో కెంటకీ ఉంది గానీ ఆ అన్నదమ్ములు పుట్టిన చోటు కెంటకీకి ఎంతో దూరం. ఇంట్లో తండ్రి గిటార్, ఫిడేలు, బాంజో అన్నీ వాయించేవాడు. అన్న రోలండ్‌ది మాండలిన్, ఇంకో అన్న ఎరిక్‌ది బాస్, అక్క జోయాన్ పాట. పసివాడు క్లారెన్స్‌కి గిటార్ చేతులకి అందక కొన్నాళ్ళు ఉకులేలే అనే బుల్లి గిటార్‌తో సరిపెట్టారట. 1954లో కుటుంబం కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్‌కి మారింది. పదేళ్ళవాడు కాలిఫోర్నియా ఎండలో, కొండ ప్రాంతాల పాట రేడియోలోనూ రికార్డుల్లోనూ విని నేర్చుకున్నాడు.

లాస్ ఏంజెలెస్‌లో మెల్‌రోజ్ అవెన్యూ మీద ఆష్ గ్రోవ్ అని ఒక క్లబ్బు ఉండేది. జానపదం, బ్లూస్, బ్లూగ్రాస్ పాడేవాళ్ళు దేశం నలుమూలల నుంచీ అక్కడికి వచ్చేవారు. నార్త్ కెరొలినా కొండల నుంచి డాక్ వాట్సన్ వచ్చాడు. చూపు లేని మనిషి. ఫిడేలు మీద వాయించే వేగపు పాటల్ని స్వరం స్వరం గిటార్ మీద, తీగలు మీటే ఒక్క బిళ్ళతో వాయించేవాడు. క్లారెన్స్ అది కళ్ళారా చూశాడు. అదే సమయంలో అన్న రోలండ్ సైన్యంలోకి వెళ్ళాల్సి వచ్చింది. బృందంలో మాండలిన్ లేదు. ఖాళీ అయిన ఆ వంతు ఎవరో ఒకరు అందుకోవాలి కదా. రెండేళ్ళ తర్వాత రోలండ్ తిరిగొచ్చేసరికి తమ్ముడి చేతిలో గిటార్ ముందు వరసకి వచ్చేసింది.

డాక్ వాట్సన్‌ని అనుకరించినవాళ్ళు చాలామంది ఉన్నారు. క్లారెన్స్ అనుకరించలేదు. డాక్ వాయిద్యం నిండుగా, ఖాళీ లేకుండా ప్రవహిస్తుంది. క్లారెన్స్ అందులోంచి కొన్ని స్వరాలు తీసేశాడు. ఏవి తీసేయాలో తెలియడమే అతని విద్య అని నా నమ్మకం. 1964లో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో వాళ్ళిద్దరూ పక్కపక్కన కూచుని వాయించారు. ఆ ముక్కలు కొన్ని 1991లో వాన్‌గార్డ్ వాళ్ళు వేసిన ‘ట్రెజర్స్ అన్‌టోల్డ్’లో దొరుకుతాయి. అది వచ్చిన వారమే కొన్నాను. ఇరవయ్యేళ్ళ కుర్రాడు పెద్దాయన పక్కన కూచుని ఎక్కడా బెదరడు, ఎక్కడా మీద పడడు. ఆయన పాట ఎత్తుకుంటే కింద లయ పట్టి నిలబడతాడు, తన వంతు రాగానే తన దారిన వెళతాడు.

ఇక్కడ మా బావగారి సంగతి చెప్పాలి. మా అక్కయ్య భర్త. పాలకొల్లులో ఉంటారు, ఫిడేలు వాయిస్తారు. కచేరీలకి పక్కవాద్యం, హరికథలకి పక్కవాద్యం. ముందు కూచునే అవకాశం ఆయనకి ఎప్పుడో గానీ రాలేదు. 2000ల మొదట్లో అక్కయ్యా ఆయనా మా ఇంటికి వచ్చి ఒక వేసవంతా ఉన్నారు. గణపతి గుడికి వెళ్ళడం తప్ప ఆయనకి ఇక్కడ తోచేది కాదు. ఒక సాయంత్రం వెనక వరండాలో పడక్కుర్చీలో వాలి ఉంటే నేను క్లారెన్స్ సీడీ ఒకటి పెట్టాను. 1962లో గిటార్ మీద వాయించిన చిన్న చిన్న ముక్కలు, చాలా ఏళ్ళ తర్వాత బయటికొచ్చినవి.

బావగారు కళ్ళు మూసుకుని కుడిచేత్తో తొడ మీద తాళం వేస్తున్నారు. నేను ఆ చెయ్యే చూస్తున్నాను. రెండో ముక్కలో ఆ చెయ్యి ఒకసారి తడబడింది. వెంటనే కళ్ళు తెరిచారు.

“ఏమోయ్, మళ్ళీ పెట్టు.”

మళ్ళీ పెట్టాను. ఈసారి ఆయన తాళం వదల్లేదు. గిటార్ ఎక్కడ తప్పుకుంటోందో అక్కడ బొటనవేలు ఎత్తి చూపిస్తున్నారు. “తాళం పడ్డాక ఎత్తుకుంటున్నాడు చూడు. అనాగతం. ఇదిగో ఇక్కడ ముందే ఎత్తుకున్నాడు, అతీతం. ఇతనికి ఎవరు చెప్పారోయ్ ఇది?”

“ఎవరూ చెప్పలేదు బావగారూ. వింటూ నేర్చుకున్నాడు.”

“అయితే పుట్టుకతో వచ్చింది” అని కాసేపు ఊరుకున్నారు. మూడు తీగల మీద బిళ్ళ తిప్పుతూ వాయించే పద్ధతి ఒకటుంది, ఇక్కడివాళ్ళు క్రాస్‌పికింగ్ అంటారు. అది వచ్చినప్పుడు బావగారి నోట్లోంచి జతి దానంతటదే వచ్చేసింది. తకిట తకిట తక. తకిట తకిట తక. ఎనిమిది అక్షరాల్ని మూడు, మూడు, రెండుగా విరిచి వాయిస్తున్నాడు. నేను ఏళ్ళ తరబడి వింటూ చెప్పుకోలేకపోయిన సంగతి ఆయన ఒక్క పూటలో తొడ మీద కొట్టి చూపించారు. చివర్లో ఒక మాటన్నారు: “ఈ అబ్బాయి తాళం వెయ్యడోయ్. మన చేత వేయిస్తాడు.”

క్లారెన్స్ గురించి చదివిన వ్యాసాల్లో ఇంత సూటి మాట నాకు ఎక్కడా కనపడలేదు.

ఆ వారమే ఆయన్ని స్టేషన్ ఇన్ అనే బ్లూగ్రాస్ క్లబ్బుకి తీసుకెళ్ళాను. ట్వెల్త్ అవెన్యూ సౌత్‌లో రాతి గోడల పొట్టి కట్టడం. చుట్టూ అప్పట్లో గోదాములు, ఖాళీ స్థలాలు. ఇప్పుడు అద్దాల మేడల మధ్య నలిగిపోయి ఉంది. లోపల ఒకదానికొకటి పొంతన లేని కుర్చీలు, గోడల నిండా పాత కచేరీల కాగితాలు, పాప్‌కార్న్ వాసన. ఆ రాత్రి రోలండ్ వైట్ బృందం వాయిస్తోంది. ఆయన మాండలిన్, ఆయన భార్య డయాన్ బౌస్కా గిటార్. తమ్ముడు పోయాక రోలండ్ కంట్రీ గెజెట్‌లోనూ, నాష్‌విల్ బ్లూగ్రాస్ బ్యాండ్‌లోనూ ఏళ్ళ తరబడి వాయించి, ఆఖరికి సొంత బృందం పెట్టుకున్నారు. తెల్లజుట్టు, మీద పడని నవ్వు. మాండలిన్ మీద అనవసరమైన స్వరం ఒక్కటీ వెయ్యరు.

మాండలిన్ శ్రీనివాస్ పుట్టిన ఊరు నుంచి వచ్చిన మనిషికి మాండలిన్ గురించి నేను చెప్పేదేముంటుంది? బావగారు చెక్క కుర్చీలో ముందుకి వంగి రెండు గంటలు కదలకుండా విన్నారు. రోలండ్ రెండు మూడు చోట్ల దెబ్బ మింగేసి ఆలస్యంగా అందుకున్నప్పుడు నన్ను మోచేత్తో పొడిచి, “అదుగో, తమ్ముడిది” అన్నారు. అన్నది తమ్ముడికి వచ్చిందో, తమ్ముడిది అన్నకి మిగిలిందో నేను చెప్పలేను. ఒక ఇంట్లో ఒక తండ్రి దగ్గర నేర్చినవాళ్ళు కదా.

1965 నాటికి కెంటకీ కర్నల్స్ బతుకు కష్టమైపోయింది. జానపదం వినే కుర్రకారంతా బీటిల్స్ తర్వాత విద్యుత్ గిటార్ల వైపు మళ్ళిపోయారు. బృందం విడిపోయింది. క్లారెన్స్ తన మార్టిన్ గిటార్ పక్కన పెట్టి ఫెండర్ టెలికాస్టర్ అనే విద్యుత్ గిటార్ అందుకున్నాడు. లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో సెషన్ వాద్యకారుడిగా కుదురుకున్నాడు. గాయకుడు రికీ నెల్సన్ దగ్గర వాయించే జేమ్స్ బర్టన్‌ని వింటూ కొత్త వాద్యానికి చెయ్యి తిప్పుకున్నాడు.

సెషన్ పని ఎలా ఉంటుందో నాష్‌విల్‌లో ఉంటే తెలియకుండా పోదు. మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు ఆ పని చేసేవాళ్ళు ఉండేవారు. యూనియన్ లెక్క ప్రకారం సెషన్ అంటే మూడు గంటలు. పొద్దున్న పదింటికి ఒకటి, మధ్యాహ్నం రెండింటికి ఒకటి, ఆరింటికి ఇంకొకటి. స్టూడియోకి వెళ్ళేదాకా ఏం వాయించాలో తెలియదు. పాట ఒకసారి వినిపిస్తారు, ఒక కాగితం ఇస్తారు, రెండో విడతకి రికార్డింగ్. గాయకుడి గొంతు మీద పడకూడదు. అలాగని చప్పగానూ ఉండకూడదు. డబ్బు సెషన్‌కి ఇంత అని. ఆ పాట తర్వాత లక్షల్లో అమ్ముడైనా వాయించినవాడికి అదే డబ్బు. బావగారితో ఈ మాట అంటే ఆయన నవ్వి, మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో ఫిడేళ్ళ వరసలో జీవితమంతా వాయించి వచ్చిన ఒక పెద్దాయన సంగతి చెప్పారు. రేడియోలో పాట వస్తే, అందులో ఫలానా ముక్క నాది అని పెళ్ళాం పిల్లలకి వేలెత్తి చూపించేవారట. గ్రామఫోన్ ప్లేటు మీద ఆయన పేరు ఎక్కడా ఉండదు.

క్లారెన్స్ ఆ పనిలో ఇమిడిపోయిన తీరు నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. రికీ నెల్సన్, ఎవర్లీ బ్రదర్స్, మంకీస్, లిండా రాన్‌స్టాట్, ఆర్లో గత్రీ, ఎవరికి తగ్గట్టు వారికి వాయించాడు. 1967లో బర్డ్స్ ‘యంగర్ దాన్ యెస్టర్‌డే’ వచ్చింది. అట్ట మీద నలుగురి బొమ్మలు, అతనిది లేదు. లోపల ‘టైమ్ బిట్వీన్’ పాట వినండి. క్రిస్ హిల్‌మన్ పాడుతుంటే వెనక టెలికాస్టర్ కిలకిలమంటూ ఉంటుంది. ఆ పాటలో నాకు మొదట గుర్తుండేది గొంతు కాదు, ఆ గిటారే. రాక్ పాటల్లోకి కంట్రీ గాలి తెచ్చింది బర్డ్స్ ‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో’ అని అందరూ రాస్తారు, అది 1968. అంతకి ఏడాది ముందే ఆ గాలి ఈ పాటలో ఉంది. మోసుకొచ్చింది ఒక సెషన్ మనిషి.

రాత్రులు మాత్రం ఎల్ మాంటే ఊళ్ళో నాష్‌విల్ వెస్ట్ అనే బారులో, అదే పేరు పెట్టుకున్న బృందంతో వాయించేవాడు. అందులో డ్రమ్స్ జీన్ పార్సన్స్‌వి. ఆ జీన్ చేతి పనివాడు. లేతు మీద ఇనుప సామాను తయారుచేసేవాడు. వాళ్ళిద్దరి మధ్య పుట్టిందే స్ట్రింగ్‌బెండర్.

క్లారెన్స్‌కి పెడల్ స్టీల్ గిటార్, అంటే కాలి పెడళ్ళతో తీగల్ని జార్చే గిటార్, పలికే తీరు కావాలి. ఒక తీగ నిలిచి మోగుతుంటే ఇంకో తీగ దాని పక్కన జారుతూ పైకి పోవాలి. గిటార్ మెడ చివర, బిరడాల దగ్గర తీగని వేలితో నొక్కి అది చేసేవాడు. కానీ ఎడమచెయ్యి మెడ మధ్యలో ఉన్నప్పుడు బిరడాల దగ్గరికి వేలెలా పోతుంది? మూడో చెయ్యి కావాలి. ఒక రికార్డింగ్‌లో జీన్ పక్కన నిలబడి ఆ తీగ తను లాగాడు. వినడానికి బాగుంది, ప్రతి కచేరీలోనూ అలా కుదరదు కదా. కాలి పెడల్ పెడదామా అంటే క్లారెన్స్ ఒప్పుకోలేదు. గిటార్‌లోనే ఉండాలన్నాడు. అప్పుడు జీన్ ఆలోచన భుజం పట్టీ మీదికి పోయింది. పట్టీ తగిలించే బొడిపెని లోపల ఒక మీటకి కలిపాడు. గిటార్ మెడని కొంచెం కిందికి నొక్కితే పట్టీ పైకి లాగుతుంది, మీట తిరుగుతుంది, రెండో తీగ బిగుసుకుని ఒక పూర్తి స్వరం పైకి పోతుంది. వదిలితే వెనక్కి వస్తుంది. రెండు చేతులూ తమ పని తాము చేసుకుంటాయి, మూడో చెయ్యి భుజం.

ఆ టెలికాస్టర్‌ని నేను దగ్గర్నుంచి చూశాను. క్లారెన్స్ పోయిన కొన్నేళ్ళకి, 1980లో, అది కంట్రీ గాయకుడు మార్టీ స్టూవర్ట్ చేతికి వచ్చింది. ఇప్పటికీ ఆయన కచేరీల్లో అదే వాయిస్తారు. రైమన్ ఆడిటోరియంలో ఒక జూన్ రాత్రి ముందు వరసలో చోటు దొరికింది. పక్క నుంచి చూస్తే ఆ గిటార్ మామూలు టెలికాస్టర్ కంటే మందం. ఆ యంత్రం పట్టడానికి వెనక ఇంకో పలక చేర్చి అతికించారు. మార్టీ ఎడమచెయ్యి ఇంత కిందికి వంగేది, కనపడీ కనపడనట్టు. అప్పుడా తీగ మూలిగినట్టు పైకి జారేది. వీణ మీద తీగ పక్కకి లాగి గమకం పలికించడం చూస్తూ పెరిగిన నాకు ఆ జారుడు కొత్త కాదు. అది అమెరికాలో ఒక బారులో వాయించే ఇద్దరు కుర్రాళ్ళు ఇనుప ముక్కలతో సాధించారంటే మాత్రం గుండె నిండిపోయింది. తర్వాత ఈగిల్స్‌లో బెర్నీ లెడన్, లెడ్ జెపెలిన్‌లో జిమ్మీ పేజ్ కూడా ఆ యంత్రం ఉన్న గిటార్లు వాడారు. వాళ్ళ పాటలు తెలిసినవాళ్ళు మన హైదరాబాదులో, విశాఖలో వేలమంది ఉంటారు. ఆ తీగ జారుడు ఎవరిదో తెలిసినవాళ్ళు ఎంతమంది?

బర్డ్స్‌లో 1968 నుంచి 1973 దాకా ఉన్నాడు. ఆ కాలం గురించి ఎక్కువ చెప్పను. వేదిక మీద వాళ్ళు గొప్పగా ఉండేవారు. ‘అన్‌టైటిల్డ్’లో కచేరీ భాగం వింటే తెలుస్తుంది. స్టూడియోలో అంత కుదరలేదు. 1971లో వచ్చిన ‘బర్డ్‌మేనియాక్స్’ మీద ఫిడేళ్ళ గుంపు, బూరాలు తెచ్చి దట్టించారు. ఖాళీ ఉంచడమే తన విద్య అయిన మనిషి వాయించిన పాటల మీద ఖాళీ లేకుండా చేశారు. ఆ రికార్డు నేను ఇప్పటికీ పూర్తిగా వినలేను.

1973 ఫిబ్రవరిలో ఒక విచిత్రం జరిగింది. లాస్ ఏంజెలెస్ టీవీ స్టేషన్ కేసీఈటీలో బిల్ మన్రో కార్యక్రమం పెట్టారు. ఆయన దగ్గర పెరిగిన కుర్రాళ్ళు, ఆయన్ని విని పెరిగిన కుర్రాళ్ళు కొందరు ఆయనతో కలిసి వాయించాలి. పీటర్ రోవన్, బిల్ కీత్, రిచర్డ్ గ్రీన్, డేవిడ్ గ్రిస్మన్, క్లారెన్స్. దారిలో మన్రో బస్సు చెడిపోయింది. పెద్దాయన రాలేదు. వీళ్ళే కూచుని కార్యక్రమం నడిపించేశారు. మ్యూల్‌స్కిన్నర్ అనే బృందం అలా ఏర్పడింది. ఆ వీడియో తర్వాతి కాలంలో బయటికొచ్చింది. క్లారెన్స్ మళ్ళీ మామూలు గిటార్ పట్టుకున్నాడు. గడ్డం, నిలకడైన చూపు. చేతులు ఎంత పని చేస్తున్నా మొహంలో ఏ కదలికా లేదు. పక్కవాళ్ళు వాయించేటప్పుడు వాళ్ళ వంక చూస్తాడు, తను వాయించేటప్పుడు నేల వంక చూస్తాడు. ఆ వీడియో బావగారికి చూపించినప్పుడు ఆయన అడిగింది ఒకటే: “ఇతను ఎప్పుడూ ఇంతే గంభీరమా?”

బర్డ్స్ ముగిశాక అన్నదమ్ములు ముగ్గురూ మళ్ళీ ఒకచోట చేరారు. లెస్టర్ ఫ్లాట్ బృందం వదిలేసి రోలండ్ వచ్చేశారు. ఆ వసంతంలో యూరప్ వెళ్ళి వాయించి వచ్చారు. స్వీడన్‌లో చేసిన రికార్డింగ్‌లు దొరుకుతాయి. ఎనిమిదేళ్ళు విద్యుత్ గిటార్ వాయించిన చెయ్యి మామూలు గిటార్‌కి తిరిగొచ్చాక ఎంత విస్తరించిందో అందులో వినపడుతుంది. ఇరవయ్యేళ్ళప్పటి చిలిపితనం అలాగే ఉంది, దాని మీద ఒక నిబ్బరం చేరింది. అతను తన సొంత రికార్డు మొదలుపెట్టింది కూడా అప్పుడే. అందరి పాటలకీ వాయించిన మనిషి తన పేరు అట్ట ముందుకి తెచ్చుకోబోతున్నాడు.

జూలైలో కాలిఫోర్నియా పామ్‌డేల్‌లో వాయించారు. 15వ తేదీ తెల్లవారుజామున కచేరీ అయ్యాక సామాను కారులో సర్దుతున్నారు. తాగి కారు నడుపుతున్నవాళ్ళు ఎవరో వచ్చి గుద్దారు. క్లారెన్స్ పోయాడు. రోలండ్ చేతికి దెబ్బ తగిలింది, ప్రాణం దక్కింది. అంత్యక్రియల్లో ఒకప్పుడు బర్డ్స్‌లో పాడిన గ్రామ్ పార్సన్స్, బెర్నీ లెడన్ కలిసి ‘ఫార్దర్ అలాంగ్’ కీర్తన పాడారు. రెండు నెలలు తిరిగేసరికి గ్రామ్ పార్సన్స్ కూడా పోయాడు.

అతని పాత గిటార్ కథ వేరే ఉంది. 1935 నాటి మార్టిన్ డి-28. క్లారెన్స్ చేతికి వచ్చేసరికే పాడుపడి ఉంది. మధ్య రంధ్రం అంచు అరిగిపోతే చెక్కి పెద్దది చేసేశారు ఎవరో. అసలు మెడ పలక తీసేసి, గుర్తుల చుక్కలు లేని వేరే పలక వేశారు. చూడటానికి అనాథ, పలుకు మాత్రం ఖంగుమంటుంది. 1960లో ఒక కార్యక్రమంలో తొమ్మిదేళ్ళ టోనీ రైస్, తర్వాత తనూ గొప్ప గిటారిస్టు అయినవాడు, ఆ గిటార్ చూసి, అడిగి ముట్టుకున్నాడు. విద్యుత్ గిటార్‌కి మారినప్పుడు క్లారెన్స్ చేతిలోంచి అది పోయింది. టోనీ దాన్ని మరిచిపోలేదు. 1975లో అది ఎవరి దగ్గరుందో కనుక్కుని 550 డాలర్లకి కొన్నాడు. 1993లో ఫ్లోరిడాలో తుఫాను నీళ్ళు ఇంట్లోకి వస్తే గిటార్ మునిగిపోయింది. ఆరబెట్టించి, బాగుచేయించి, మళ్ళీ దాని మీదే వాయించాడు. ఒక వేసవి ఉత్సవంలో టోనీ రైస్‌ని విన్నాను. ఆ పెద్ద రంధ్రం దూరం నుంచే తెలిసిపోతుంది. అప్పటికి ఆయన గొంతు పోయి చాలా కాలమైంది, పాడేవారు కాదు. చేతులు మాత్రం క్లారెన్స్ ఆపిన చోట ఎత్తుకుని ఇంకెంతో దూరం వెళ్ళాయి. 2020 క్రిస్మస్ నాడు ఆయనా వెళ్ళిపోయారు.

2016లో క్లారెన్స్‌ని బ్లూగ్రాస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. మరుసటి ఏడాది రోలండ్‌ని చేర్చారు. ఆ వరస నాకు నచ్చింది. అన్నగారే ఎక్కడికి వెళ్ళినా తమ్ముడి వాయిద్యం గురించి చెప్పేవారు, దాన్ని కాగితం మీద పెట్టి పుస్తకంగా వేశారు, అడిగినవాళ్ళకి నేర్పారు. 2022 ఏప్రిల్‌లో రోలండ్ పోయినప్పుడు పక్క సీటు పెద్దాయన లేరు కబురు చెప్పడానికి. నేనే పాలకొల్లు ఫోన్ చేసి చెప్పాను.

బావగారికి ఇప్పుడు వేళ్ళు వణుకుతున్నాయి, ఫిడేలు తగ్గించేశారు. పాఠాలు చెబుతున్నారు. తాళం పట్టు చిక్కని పిల్లలకి ‘అపలాచియన్ స్వింగ్’ వినిపిస్తారట. మొన్న ఫోన్‌లో కూడా అందులో రెండో పక్క మొదటి ముక్క గురించి వాదన పెట్టుకున్నారు. రెండో ఆవర్తంలో అతను అర అక్షరం ఆలస్యంగా వచ్చాడని నేనంటాను. అర కాదు, పావు అంటారాయన. పూర్తి వేగంతో వింటే తేలదని, సగం వేగానికి తగ్గించి ఆ ముక్క పంపమన్నారు. ఈ శనివారం పంపించాలి.